వెనక సీటు ఖాళీ లేదు

కోడలు పరీక్ష రెండుసార్లు తప్పింది. చెప్పొద్దూ, రెండుసార్లూ తప్పు ఆమెది కాదు, మామయ్యది. కాగితం మీద సున్నా పడింది మాత్రం ఆమె పేరు పక్కన. ఇదెక్కడి న్యాయమండీ అని అడిగితే పరీక్ష పెట్టే సార్ కళ్లజోడు పైకి తోసుకుని, "బండి నీది, బాధ్యత నీది" అన్నాడు. ఆ మాటకు ఎదురు చెప్పడానికేమీ లేదు. ఒళ్లు మండేది కూడా అందుకే.

బండి అంటే జెట్ స్కీ. నీళ్ల మీద పరుగెత్తే మోటారు సైకిలు అనుకోండి. ఆ పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న రేవులో కోడలు ఆరేళ్లుగా దాన్నే నడుపుతోంది. మనిషిని ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పి దింపడం ఆమెకు నిద్రలో లేపి చెయ్యమన్నా వచ్చు. జనానికి ఇప్పుడు ఆ చుట్టు ఆనడం లేదు. బండికి తాడు కట్టి, తాడు చివర గాలి నింపిన పెద్ద ట్యూబు కట్టి, దాని మీద బోర్లా పడుకుని గావుకేకలు పెడితేగానీ వాళ్లకు సరదా తీరదు. ఇంకా దూకుడున్నవాళ్లు కాళ్లకు పలకలు తొడుక్కుని, తాడు పట్టుకుని, నీళ్ల మీద నిటారుగా జారాలంటారు. అలా మనిషిని తాడుతో లాగాలంటే వేరే పర్మిట్ కావాలి. రేవులో అందరూ దాన్ని తాడు పర్మిట్ అంటారు. సీజను మొదలయ్యేలోగా అది చేతికి రాకపోతే బండి ఇంకొకరికి ఇచ్చేస్తానని రేవు యజమాని మొహం మీదే చెప్పేశాడు. మూడోసారి కూడా తప్పితే ఏడాది దాకా పరీక్ష గడప తొక్కనివ్వరు. అంటే ఈసారి పోతే బండీ పోయినట్టే, ఆరేళ్ల పనీ పోయినట్టే.

మరి మధ్యలో ఈ మామయ్య ఎవరని కదూ? చెబుతాను.

లాగే బండి మీద ఇద్దరుండాలి. ఒకరు నడపాలి. రెండోవారు వెనక్కి తిరిగి కూర్చుని, తాడు చివరున్న మనిషి మీదనుంచి చూపు తిప్పకూడదు. నడిపే మనిషికి ముందు చూసుకోవడమే సరిపోతుంది, వెనక ఎవరు పడ్డారో, ఎవరు చెయ్యెత్తారో ఎలా తెలుస్తుంది? ఇక బండికి ఉన్న మూడో సీటు ఖాళీగా ఉండాలి. పడిన మనిషికి ఓపిక చాలకపోయినా, కాలు పట్టేసినా, బెదిరిపోయినా తిరిగి తెచ్చేది ఆ సీట్లోనే.

మామయ్య ముప్పై రెండేళ్లు సిటీ బస్సు కండక్టరు. అంటే ముప్పై రెండేళ్లు బండి ఎటు పోతుంటే దానికి వీపు పెట్టి, జనాన్ని చూస్తూ బతికినవాడు. ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు, ఎవరి కాలు మెట్టు మీద ఉంది, ఎవరి చెయ్యి కడ్డీ వదిలింది, అన్నీ ఆయన కళ్లే చెప్పేవి. అంతకంటే మంచి వెనక చూపు మనిషి ఎక్కడ దొరుకుతాడు? ఈత కూడా వచ్చు. పైగా రిటైరైన దగ్గర్నుంచి ఇంట్లో ఆయనతో వేగడం కష్టమైపోయింది. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని వచ్చేపోయేవాళ్లను లెక్కపెట్టేవాడు. వంటింట్లో ఇద్దరు నిలబడితే "లోపలికి జరగండి, లోపలికి" అనేవాడు. చుట్టాలొచ్చి సోఫాలో ముగ్గురు కూర్చుంటే, "ఇంకొకరు పడతారు, కాస్త సర్దుకోండి" అని నాలుగో మనిషిని ఇరికించేవాడు. కొడుకు హోటల్లో వంటవాడు, పొద్దున పోతే మళ్లీ ఎప్పటికో వస్తాడు. ఇక ఆయన మాట వినేదెవరు? ఆ దిగులు కనిపెట్టిన కోడలే, "మామయ్యా, నాకు వెనక్కి చూసే మనిషి కావాలి, వస్తారా?" అని అడిగింది. ఆ రోజు ఆయన గడ్డం గీసుకుని, పాత యూనిఫాం చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు. లైఫ్ జాకెట్‌కు విజిల్ కూడా ఉంటుందని తెలిసి ఆ మనిషి మొహం విప్పారింది చూడాలి!

ఇద్దరూ తమకంటూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. గాలిలో, ఇంజిను మోతలో విజిల్ వినబడదు. అందుకని వీపులు ఆనించి కూర్చుంటారు, మామాకోడళ్ల మర్యాదకు మధ్యలో ఒక పల్చటి దిండు. ఆయన మోచేత్తో దిండును ఒకసారి పొడిస్తే ఆపు, రెండుసార్లు పొడిస్తే పోనీ. అచ్చంగా బస్సు గంట లెక్క.

అంతా బాగానే ఉంది, ఒక్క రోగం తప్ప. ఖాళీ సీటు చూస్తే మామయ్యకు అన్నం సహించదు. ముప్పై రెండేళ్లలో ఆయన బస్సులో సీటు ఖాళీగా పోయిన ట్రిప్పులను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చని ఆయనే చెప్పుకుంటాడు. మామూలు స్టాపుల్లో "రైట్" అని ఊరుకునేవాడు. చిట్టచివరి సీటు కూడా నిండిందంటే మాత్రం ఛాతీ నిండా గాలి పీల్చి, "ఫుల్! రైట్ రైట్!" అని ఒక్క కేక పెట్టేవాడు. కోడలు పెళ్లికి ముందు ఆ బస్సులోనే కాలేజీకి పోయేది, ఆ కేక ఆమెకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. బండి మీద వెనక్కి తిరిగి మధ్య సీట్లో కూర్చుంటే మూడో సీటు సరిగ్గా ఆయన మోకాళ్లకెదురుగా ఉంటుంది. ఖాళీగా. పొద్దస్తమానం. ఆయన బాధ మీరే ఊహించుకోండి.

మొదటి పరీక్షకు కోడలు తాడు ముడి సరిచూసుకుని ఇటు తిరిగేలోపల మామయ్య ఐస్‌క్రీం అమ్మే ఆయన్ను డబ్బాతో సహా ఆ సీట్లో ఎక్కించేశాడు. "అవతలి ఒడ్డుకేనట తల్లీ, మనం ఎలాగూ అటే కదా" అన్నాడు. సార్ తన పడవలోనుంచి చూసి సున్నా పెట్టాడు. రెండోసారి మనుషుల్ని ఎక్కించనని మామయ్య ఒట్టేశాడు. ఒట్టు తప్పలేదు కూడా. తన టిఫిను బుట్ట, గొడుగు, మార్కెట్లో కొన్న ఒక పుచ్చకాయ ఆ సీటు మీద పెట్టి తాడుతో బిగించాడు. పరీక్ష కోసం ట్యూబు మీదనుంచి పడాల్సింది ఆయన కూతురే, అంటే కోడలి ఆడపడుచు. ఆ పిల్ల గొంతుకు ఇంట్లో అందరూ సైరన్ అని పేరు పెట్టారు. సైరన్ పడింది, కేకేసింది, ఈదుకుంటూ బండి దగ్గరికొచ్చింది. మామయ్య వంగి, "ఇదిగో అమ్మా, కాస్త ఇది పట్టుకో" అని నీళ్లలో ఉన్న పిల్ల చేతికి పుచ్చకాయ ఇచ్చాడు.

సార్ రెండో సున్నా పెట్టాడు. అప్పటికే ఆయనకు రేవులో సున్నా సార్ అనే పేరుంది, ఆ రోజుతో ఖాయమైంది.

కోడలు మూడు రోజులు మామయ్యతో మాట్లాడలేదు. నాలుగో రోజు ఇంకెవరినైనా వెతుక్కుందామా అనుకుంది. గుమ్మం పక్కన ఆయన మళ్లీ కుర్చీ వేసుకుని, వచ్చేపోయేవాళ్లను లెక్కపెట్టకుండా ఊరికే కూర్చోవడం చూసి ఆ ఆలోచన మానుకుంది. లెక్కపెట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. ఏడుపొచ్చింది కూడా. ఆ ఏడుపులోనే ఒక కొంటె ఆలోచన పుట్టింది.

మర్నాడు పొద్దున, "మామయ్యా, ఈరోజు ట్యూబు మీద మీరెక్కండి" అంది.

"నేనా? ఈ వయసులోనా?"

"ప్రయాణికుడి కష్టం కండక్టరుకు తెలియొద్దా?"

ఆ మాట గట్టిగానే తగిలింది. ఆయన జాకెట్ బిగించుకుని ట్యూబు మీద పడుకున్నాడు. వెనక చూపు సీట్లో సైరన్ కూర్చుంది. మూడో సీటు మీద మామయ్య టిఫిను బుట్ట దర్జాగా కూర్చుంది. రేవుకు దూరంగా, ఛాతీ లోతు నీళ్లున్న చోట, నడిచే వేగం కంటే కాస్త ఎక్కువగా ఒక మలుపు తిప్పేసరికి మామయ్య మెల్లగా జారి నీళ్లలో పడ్డాడు. కోడలు పద్ధతి ప్రకారం చుట్టి వచ్చి, దగ్గరికి రాకముందే ఇంజిను ఆపింది. మామయ్య వచ్చి సీటు మీద చెయ్యేశాడు. చేతికి బుట్ట తగిలింది.

"ఇది తియ్యవే, ఎక్కుతాను."

"సీటు లేదు నాన్నా" అంది సైరన్. "కాస్త సర్దుకోండి."

"నీళ్లలో ఎక్కడ సర్దుకోమంటావే?"

"లోపలికి జరగండి, లోపలికి" అంది సైరన్, అచ్చం ఆయన గొంతుతో. అని, ఆపుకోలేక కిసుక్కున నవ్వింది.

కోడలూ నవ్వింది. మామయ్యకు మాత్రం నవ్వు రాలేదు. ఛాతీ దాకా నీళ్లలో నిలబడి, తన బుట్ట వంకే చూస్తూ ఉండిపోయాడు. తలమీదనుంచి నీళ్లు కారుతున్నాయి. కాసేపటికి, "ఆఖరి స్టాపు" అన్నాడు.

"ఏంటి మామయ్యా?"

"జనం ఎక్కే ఆఖరి స్టాపులో ఒకావిడ ఉండేదమ్మా. ఆస్పత్రి ఆయా. నేను ఫుల్ అని అరిచి పోనిస్తే ఆవిడ రోడ్డు మీద మిగిలిపోయేది. రోజూ చూసేవాణ్ని. వెనక్కి చూసేవాణ్ని కదా, నాకు కనబడక చస్తుందా? చూసి కూడా, ఈరోజు బండి నిండిందని సంబరపడేవాణ్ని."

 సైరన్ బుట్ట తీసి ఒళ్లో పెట్టుకుంది. కోడలు చెయ్యందించింది. ఇంటికి పోయాక ఆయన ఎర్ర రంగు డబ్బా, కుంచె ఎక్కడినుంచో సంపాదించుకుని తిరిగి రేవుకు పోయి, మూడో సీటు మీద పెద్ద అక్షరాలతో రిజర్వుడు అని రాసి వచ్చాడు. రంగు ఆరకముందే ఎవరో కూర్చుని లేచారు కాబోలు, రెండో అక్షరం కాస్త అలుక్కుపోయింది.

ఇక మూడో పరీక్ష రోజు.

కోడలు పొద్దున లేచిన దగ్గర్నుంచి కాలుగాలిన పిల్లిలా తిరిగింది. తాడు మొత్తం చేత్తో తడిమి చూసింది, పోగులు లేచాయా, ముడి వదులైందా అని. అరవై అడుగుల తాడు. పొట్టిదైతే ట్యూబు బండి మీదికొస్తుంది, మరీ పొడుగైతే మలుపులో ఎటు పోతుందో తెలీదు. నారింజ రంగు జెండా మామయ్య చేతికిచ్చింది, మనిషి నీళ్లలో పడ్డాడని చుట్టుపక్కల పడవలకు తెలియడానికి. ఇంజిను ఆపే తాడుబిళ్ల మణికట్టుకు తగిలించుకుంది, తను పడితే బండి దానంతటది ఆగిపోవడానికి. సైరన్ ట్యూబు మీద బోర్లా పడుకుని గొంతు సవరించుకుంటోంది. మామయ్య మూడో సీటు తుడిచి, వెనక్కి తిరిగి కూర్చుని, చేతులు కట్టుకున్నాడు. ఆ సీటు వంక ఎంత గర్వంగా చూస్తున్నాడంటే, అందులో ఎవరో పెద్దమనిషి కూర్చున్నట్టే ఉంది.

అంతా సిద్ధం. సున్నా సార్ పడవ మాత్రం కదల్లేదు.

సార్ ఎప్పుడూ తన పడవలో పక్కన వస్తూ చూస్తాడు. ఆ రోజు దాని ఇంజిను దగ్గింది, తుమ్మింది, ఆఖరికి మూగబోయింది. మెకానిక్ మూత తీసి చూసి, ఈరోజు కాదండీ అని చెయ్యూపాడు.

"అయితే పరీక్ష వాయిదా" అన్నాడు సార్. "తర్వాతి తేదీ సీజను అయ్యాకే."

 సీజను అయ్యాక పర్మిట్ వచ్చి ఏం లాభం? అప్పటికి బండి ఇంకొకరి చేతిలో ఉంటుంది. "సార్, సార్, ఏదో ఒకటి చూడండి" అని కోడలు ప్రాధేయపడింది.

సార్ అటూ ఇటూ చూశాడు. చూపు మూడో సీటు మీద పడింది. "సరే. నేను ఇందులో కూర్చుని వస్తాను. దగ్గర్నుంచే చూస్తాను."

హమ్మయ్య అనుకోవాలా, అయ్యయ్యో అనుకోవాలా? కోడలికి అర్థం కాలేదు. సార్‌ని కూర్చోబెట్టుకుంటే సీటు నిండుతుంది, అది తప్పు. వద్దంటే పరీక్షే లేదు. ఆమె నీళ్లు నములుతుండగా వెనకనుంచి మామయ్య గొంతు ఖంగున మోగింది.

"సీటు లేదండీ."

ముప్పై రెండేళ్లలో ఆయన నోట ఖాళీ సీటు ముందు ఆ మాట రావడం అదే మొదలు. సైరన్ ట్యూబు మీదే నోరెళ్లబెట్టింది.

"లేకపోవడమేంటి పెద్దాయనా? కళ్ల ముందు కనబడుతుంటే!"

"కనబడుతుంది గానీ లేదండీ. అది పడబోయేవాళ్లది. చదవండి, రాసే ఉంది."

"నేను ప్రయాణికుణ్ణి కాను. అధికారిని."

"నీళ్లలో పడినవాళ్లకు ఆ తేడా ఎందుకండీ? మీరు కూర్చుంటే మా పిల్ల ఎక్కడ కూర్చుంటుంది? పోయినసారి ఇదే మాటకు మీరు సున్నా పెట్టలేదూ? పుచ్చకాయకు ఒక రూలు, మీకో రూలా?"

అయిపోయింది అనుకుంది కోడలు. సార్ మొహం ఎర్రగా కందిపోయింది. రేవులో ఉన్న నలుగురూ ఇటే చూస్తున్నారు. అధికారిని పుచ్చకాయతో పోల్చాక ఇంకేం మిగులుతుంది? మామయ్య నోరు మూయించాలని ఆమెకు ఎంత ఉన్నా, ఆయన చెప్పిందాంట్లో తప్పేముంది? ఇన్నాళ్లూ తను మొత్తుకున్నదే కదా. ఏదైతే అదైంది అనుకుంది. అప్పుడే ఆమె కంటికి తాడు చివర ట్యూబు కనబడింది.

"సార్, సీటు లేదు గానీ..." అంది నంగిగా, "ట్యూబు ఉంది."

"ఏంటీ?"

"లాగేది ఎలా ఉందో లాగించుకునేవాళ్లకే బాగా తెలుస్తుంది కదా సార్. సైరన్ దిగుతుంది. ఒక మనిషికి ఒక ఖాళీ సీటు. మీ రూలు మీ రూలే."

రేవులో ఎవరో దగ్గారు. ఇంకెవరో నవ్వారు. సార్ కాసేపు పళ్లు నూరాడు. ఈ ట్యూబు గురించి నలభై పేజీల పుస్తకం రాసిన మనిషి, ఇంతమంది ముందు భయమని ఎలా అంటాడు? బూట్లు విప్పి పక్కన పెట్టాడు. మార్కుల కాగితం ప్లాస్టిక్ కవరులో పెట్టి, అట్టతో సహా మెడలో వేలాడేసుకున్నాడు. దానికి ఒక పెన్సిలు, దారంతో.

కోడలు ఆయన జాకెట్ మూడు బకిల్సూ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూసింది. గడ్డం దాకా రాలేదు, సరిపోయింది. "చేతి గుర్తులు చెప్పండి సార్" అంది.

"అవి రాసిందే నేను."

"రాశారు సార్. చేసి చూపించండి."

సార్ చూపించాడు. బొటనవేలు పైకెత్తితే వేగం పెంచు. కిందికి దించితే తగ్గించు. అరచెయ్యి మెడకడ్డంగా తిప్పితే ఆపు. నీళ్లలో పడ్డాక రెండు చేతులూ తలపైన కలిపితే బాగానే ఉన్నానని. "ఈ ఆఖరిది నాకవసరం పడదు" అన్నాడు.

"రెండు చేతులతో హ్యాండిళ్లు పట్టుకోండి. వదలొద్దు" అంది కోడలు.

"అది కూడా నేను రాసిందే."

దిండుకు రెండు పోట్లు. పోనీ.

కోడలు తాడు బిగుసుకునేదాకా మెల్లగా పోనిచ్చింది. ఆ తర్వాత రేవుకు, పడవలకు దూరంగా తీసుకుపోయి, అప్పుడు వేగం అందుకుంది. వెనకనుంచి మామయ్య మెడ ఇటు తిప్పకుండానే, స్టాపుల పేర్లు చదివినట్టు గట్టిగా చెబుతూ పోతున్నాడు. "సార్ కళ్లు మూసుకున్నాడు... తెరిచాడు... ఇప్పుడు ఒక కన్ను... ఆ, రెండూ తెరిచాడు."

"వేలు?"

"ఎత్తలేదు. రెండు చేతులూ హ్యాండిళ్ల మీదే. మొహం తెల్లబోయింది. ఆగు ఆగు, నవ్వుతున్నాడే!"

"సార్ నవ్వడమా?"

"ఒట్టు తల్లీ. పళ్లు కనబడుతున్నాయి. ఇదిగో, వేలెత్తాడు. పైకి!"

కోడలు కాస్త పెంచింది. మామయ్య మళ్లీ, "ఇంకోసారి పైకి" అన్నాడు. ఇంకాస్త పెంచింది. "మళ్లీ పైకి. ఈసారి చెయ్యి మొత్తం ఎత్తేశాడు."

"ఇక పెంచను. సార్ ఇచ్చిన వేగాల చార్టులో ఇంతే ఉంది."

"చార్టు రాసిందే ఆయన కదమ్మా."

"అందుకే పెంచను."

దూరంగా రేవులో సైరన్ తన అలవాటు మానుకోలేక ఒడ్డునే నిలబడి గావుకేకలు పెడుతోంది. మామయ్య వీపు దిండు మీద ఊగింది, నవ్వుకుంటున్నాడని తెలిసిపోయింది. "అమ్మాయ్, ఒక్క చిన్న మలుపు. సర్రున. రెండు సున్నాలకు రెండు గుటకలు. లెక్క సరిపోతుంది."

కోడలికి చెయ్యి దురద పెట్టలేదని అంటే అబద్ధమే. హ్యాండిల్ కాస్త గట్టిగా తిప్పితే చాలు. మలుపులో ట్యూబు బండి కంటే వేగంగా బయటికి విసురుకుపోతుంది, పైనున్న మనిషి గాలిలోకి లేస్తాడు. ఆ దృశ్యం ఆమె కళ్ల ముందు కదిలింది కూడా. ఎంత బాగుంది! పెదవి కొరుక్కుంది. విశాలంగా, మెత్తగా, ట్యూబు ఒక్కసారి కూడా ఎగరకుండా మలుపు తిప్పింది. ఆరేళ్లలో అంత అందమైన మలుపు ఆమె తిప్పలేదు.

ఆ మలుపే సార్ కొంప ముంచింది.

"అయ్యో" అన్నాడు మామయ్య. "సార్ చెయ్యి వదిలాడు."

"ఎందుకూ?"

"పెన్సిలు తీశాడు. మార్కేస్తున్నాడమ్మా! మలుపుకు టిక్కు పెడుతున్నాడు! అయ్యో, అట్ట ఎగురుతోందని రెండో చెయ్యి కూడా..."

దిండుకు ఒక్క పోటు. అప్పుడే జెండా లేచింది.

కోడలు బెదరలేదు. ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేసి హ్యాండిల్ తిప్పితే ఈ బండి తిరగదు, ముందుకే జారుతుంది. ఉత్త ట్యూబు వెనకనుంచి వచ్చి గుద్దినా గుద్దుతుంది. వేగం మెల్లగా తగ్గించింది, చుట్టూ పడవలేమీ లేవని చూసుకుంది, చిన్న వేగంతో చుట్టి తిరిగింది. సార్ తల ఆమెకు ఎప్పుడూ కనబడుతూ ఉండేలా తన పక్కకే ఉంచుకుంది. మామయ్య జెండా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, వదులైన తాడును రెండో చేత్తో చుట్టలుగా లాక్కున్నాడు, బండి కిందికి పోతే ఇంజిను నీళ్లతో పాటు దాన్నీ పీల్చేస్తుందని.

"చేతులెత్తాడా మామయ్యా?"

"ఒకటే ఎత్తాడు. రెండోది కాలు పట్టుకుంది. పిక్క పట్టేసినట్టుందమ్మా."

నవ్వు అక్కడితో ఆగిపోయింది. కోడలు దూరం చూసుకుని, ఇంజిను ఆపేసి, మిగిలిన నాలుగు అడుగులూ బండిని దానంతట దాన్ని తేలనిచ్చింది. జాకెట్ సార్‌ని నిలబెట్టే ఉంచింది గానీ, ఆయన మొహంలో అధికారం చుక్క కూడా లేదు. కళ్లజోడు పోయింది. ట్యూబు పక్కనే తేలుతున్నా దాని మీదికి ఎక్కే ఓపిక లేదు. బండి వెనకవైపు పట్టుకుని, పైకి చూసి, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"ఎక్కడ కూర్చోవాలి?"

మామయ్య రెండు చేతులూ చాచాడు. "రండి సార్. మీ సీటు మీకే ఉంది."

లాగి కూర్చోబెట్టాడు. ఎదురుబొదురుగా, మోకాళ్లు మోకాళ్లు తగిలేలా. పిక్క పట్టేసిన సార్ కాలును మామయ్య తన ఒళ్లోకి తీసుకుని, పాదం వెనక్కి వంచి నిమిరాడు. సార్ కాసేపు వణికాడు. కాస్త తేరుకున్నాక కింద చూసుకున్నాడు. తడి ప్యాంటు పక్కనుంచి ఎర్రక్షరాలు కనబడుతున్నాయి. వాటివంక చాలాసేపు చూశాడు.

"నేను సీటడగడం" అన్నాడు ఆఖరికి, పళ్లు టకటకలాడుతుండగా, "అది కూడా పరీక్షలో భాగమే."

"తెలుసండీ" అన్నాడు మామయ్య వినయంగా. "పడడం కూడానా?"

కోడలు మొహం అటు తిప్పుకుంది. ఆమె వీపు ఊగడం సార్‌కి కనబడే ఉంటుంది.  సార్ మెడలో అట్ట ఇంకా వేలాడుతోంది, కవరు పుణ్యమా అని కాగితం తడవలేదు. పెన్సిలు దారం చివర దొరికింది. సార్ కాగితాన్ని కళ్లకు ఆనించుకుని ఒక్కొక్క గడీ చూస్తూ టిక్కులు పెట్టాడు. తాడు, జాకెట్, జెండా, వేగం, మలుపు. కింద ఒక్క గడీ మిగిలింది. పడిన మనిషిని తిరిగి ఎక్కించుకోవడానికి సీటు ఖాళీగా ఉంచారా? రెండుసార్లు సున్నా పడింది దాని దగ్గరే.

సార్ పెన్సిలు అక్కడ ఆపాడు. 

"ఖాళీగా ఉంచారు" అన్నాడు ఆయన తనలో తానే, ఆ సీట్లోనే కాస్త సర్దుకుని కూర్చుంటూ. కాగితం చిరిగేంత గట్టిగా టిక్కు కొట్టాడు.

కోడలికి కళ్లలో నీళ్లు తిరిగాయి. సరస్సు నీళ్లేనని చెప్పుకోవచ్చు కాబట్టి తుడుచుకోలేదు. తాడు మొత్తం పైకి లాగారు, ట్యూబును వెనక దగ్గరగా కట్టారు. ఆమె తాడుబిళ్ల మణికట్టుకు మళ్లీ తగిలించుకుని, దిండుకు రెండు పోట్లు పడతాయేమోనని చూసింది. పడలేదు. తల తిప్పి చూస్తే, మామయ్య ముందు తనను చూశాడు, తర్వాత ఎదుటి సీట్లో ముద్దయి కూర్చున్న సార్‌ని చూశాడు. ఆ తర్వాత, అలవాటు కొద్దీ, వెనక నీళ్ల మీద ఆ చివరినుంచి ఈ చివరిదాకా వెతికి వెతికి చూశాడు. ఎవరూ మిగల్లేదు.

అప్పుడు ఛాతీ నిండా గాలి పీల్చాడు.

"ఫుల్! రైట్ రైట్!"

కేక అవతలి ఒడ్డుకు తగిలి తిరిగొచ్చింది. రేవులోనుంచి సైరన్ దానికి బదులు కేక వేసింది. కోడలు బండి ముందుకు పోనిచ్చింది.